నీళ్ళు తాగే టీచర్లు

అన్నం ఇంకా ఉడకలేదు. కొత్తపేట చౌరస్తాలో, రోజూ విజయవాడ బస్సులు దూసుకుపోయే రోడ్డు నడిమధ్యన ఇటుకలు పేర్చి పొయ్యిలు పెట్టారు, వాటి మీద పెళ్ళిళ్ళకు వాడే గుండిగలు ఎక్కించారు, ఇటు దిల్‌సుఖ్‌నగర్ వైపూ అటు ఎల్బీనగర్ వైపూ ఎంత దూరం చూసినా ఒక్క బండి లేదు, చాపలూ ఫ్లెక్సీలూ మనుషులే. వంటావార్పు అంటే ఇదే, రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తిని, తెలంగాణ ఇస్తే తప్ప దారి వదలమని చెప్పడం. సకల జనుల సమ్మెలో ఈ రోజు సర్కారు బళ్ళ టీచర్ల వంతట. నేను టీచర్ను కాను. దిల్‌సుఖ్‌నగర్లో చీరల షాపులో సేల్స్‌లో ఉంటాను, షాపు బంద్ కాబట్టి నా కూతురు ఇందును వెంటబెట్టుకుని వచ్చి కూర్చున్నాను. జై తెలంగాణ అన్నప్పుడల్లా నేనూ చెయ్యి లేపుతున్నాను, అబద్ధమెందుకు, మనస్ఫూర్తిగానే లేపుతున్నాను, కానీ కళ్ళు మాత్రం టీచర్ల మీదే. ఏ బడివాళ్ళు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు నవ్వుతున్నారు, ఎవరు మూతి ముడుచుకున్నారు. ఇంతమంది టీచర్లు ఒక్కచోట, గేటు లేకుండా గోడ లేకుండా, మళ్ళీ నాకెప్పుడు దొరకాలి? యాదలక్ష్మికి ఊరికే ఆరాలు అని మా వాడలో అందరూ అంటారు. అననీ. ఆరా తీయకుండా పిల్లను ఎక్కడ వేస్తాను?

నాకు తెలియాల్సింది ఒక్కటే. మాకు నడిచిపోయేంత దూరంలో సర్కారు ప్రైమరీ బళ్ళు మూడున్నాయి, ఒకటి ఉర్దూ మీడియం కాబట్టి రెండనుకోండి. ఒకటి నీళ్ళ ట్యాంకు పక్కది, ఇంకొకటి పండ్ల మార్కెట్ వెనక రేకుల బడి. ఆ రెండింట్లో ఏ బడిలో ఆడపిల్ల బాత్రూంకు పోతానంటే పోనిస్తారు? అంతే. ఇంగ్లీషు ఎట్లా చెబుతారు, లెక్కలు ఎట్లా చెబుతారు, అదంతా తర్వాత. ఇందు ఇప్పటిదాకా చదివింది ఒక ప్రైవేటు స్కూల్లో, అంటే రెండంతస్తుల ఇంటికి బోర్డు తగిలించిన స్కూలు. పిల్లలు క్లాసు ఎగ్గొట్టి నీళ్ళాడుతున్నారని పొద్దంతా బాత్రూంకు తాళం వేసేవాళ్ళు. ఇందు మొదట్లో ఆపుకుంది. తర్వాత దానికే ఒక తెలివి వచ్చింది, నీళ్ళు తాగకపోతే ఆ బాధే ఉండదు కదా అని. పొద్దున నేను నింపి ఇచ్చిన సీసా సాయంత్రం నిండుగానే తిరిగొచ్చేది. ఏందే అంటే దూప కాలె అమ్మా అనేది. ఏడేళ్ళ పిల్లకు పొద్దంతా దాహం కాకపోవడమేమిటి? ఒకనాడు ఇక ఆపుకోలేక బెంచీ మీదే అయిపోయింది, పిల్లలందరూ నవ్వారట, ఆ మర్నాడే జ్వరం. మలక్‌పేట దవాఖానలో డాక్టరమ్మ దాని పొట్ట మీద చెయ్యేసి చూసి, నా వైపు చూడకుండానే అంది, "నీళ్ళు తాగక, ఆపుకొని ఆపుకొని గిట్లయింది. మల్ల మల్ల అయితె కిడ్నీ ఖరాబైతది. గంటగంటకు తాగాలె, పోవాలె. గది కుదిరే బడిల ఏస్తె ఎయ్యున్రి, లేకుంటె ఇంట్ల కూసోపెట్టుకోన్రి." ఆ మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. ఇందు అయితే ఏ బడికీ పోనంటే పోనని కూర్చుంది.

జ్వరం తగ్గేసరికి సమ్మె మొదలైంది. ఇప్పుడు బళ్ళు చూడాలంటే ఎట్లా చూడాలి? అన్నిటికీ తాళాలే. అయినా పోయాను, షాపు లేదు, పని లేదు, కాళ్ళు ఊరుకోవు. ట్యాంకు బడి గేటు సందులోంచి చూస్తే కళ్ళు చెదిరాయి. కొత్త బిల్డింగు, గోడల నిండా ఏనుగులూ అక్షరాలూ, మూలన బాలికలు అని నీలం రంగుతో రాసిన బాత్రూం, దానికి టైల్స్ కూడా. తలుపుకు తాళం. రేకుల బడికి పోతే గేటు ఒంటి రెక్క, వరండా రేకుల మీద మార్కెట్ కోతులు, ఒక మూలన పాత బాత్రూం, తలుపు కింద చెక్క ఊడిపోయింది, దానికీ తాళం. మా అత్తమ్మ రాజమ్మది పోచంపల్లి, ఎవరైనా చీర చూడటానికి వస్తే ముందు వెనక వైపు తిప్పి చూపించేది, నూలుకు రంగు పట్టించి నేసినదైతే రెండు వైపులా ఒకటే తీరుగా ఉంటుంది, అచ్చేసి మోసం చేసినదైతే వెనక వెలిసిపోయి కనిపిస్తుంది అని. ఆమె మాట గుర్తొచ్చి రెండు బళ్ళకూ వెనక్కి కూడా పోయి చూశాను, ముళ్ళకంపల్లో చీర చించుకున్నాను. ఏం లాభం? వెనక కిటికీలూ మూసే ఉన్నాయి. నిలబడి ఆ తాళాలనే చూశాను. ఈ తాళం సమ్మెదా, ఎప్పటిదా? సమ్మె అయిపోయి అన్ని తలుపులూ తెరిచిననాడు ఇది కూడా తెరుచుకుంటుందా, లేక ఒక్క ఇదే మూసి ఉంటుందా? తాళాన్ని చూస్తే ఎట్లా తెలుస్తుంది చెప్పండి.

అడిగాను, అడగకేం. ఆ బళ్ళకు పిల్లల్ని పంపే ఆడవాళ్ళను పట్టుకుని అడిగితే టీచర్లు మంచోళ్ళు, కొట్టరు, అన్నం బాగా పెడతారు, వారానికి రెండు గుడ్లు, ఇవే చెప్పారు. బాత్రూం అనేసరికి ఏమో అక్కా అడగలేదు అన్నారు. అందరూ ఏమో అన్నవాళ్ళే! కన్నవాళ్ళం మనమే అడగకపోతే ఎవరడుగుతారు? మా ఆయన మహిపాల్ అయితే నవ్వాడు. "బడి అంటె సార్లను జూడాలె, సదువు జూడాలె, నువ్వేందే దొడ్లు జూసుకుంట తిరుగుతున్నవ్?" అన్నాడు. నీకేం తెలుసయ్యా, నీకు ప్రతి గోడా బాత్రూమే కదా అన్నాను. అంగీ వేసుకుని ర్యాలీకి పోయాడు. ఇందాక బియ్యం కడుగుతున్న చోట ట్యాంకు బడి హెడ్‌మాస్టర్ గంగాధరరావు సార్ కనిపిస్తే ధైర్యం చేసి పోయాను. సార్, మీ బళ్ళె ఆడపిల్లలకు, అని మొదలుపెట్టి మగమనిషి ముందు ఆ మాట నోట్లోంచి రాక, సౌకర్యాలు ఎట్లున్నయ్ సార్ అన్నాను. ఆయన మెడలో గులాబీ కండువా సవరించుకుని, "అన్ని సౌకర్యాలున్నయమ్మా, మండలంల మనదే నంబర్ వన్" అని మైకు వైపు పోయాడు. అన్ని సౌకర్యాలు అంటే అందులో అది ఉన్నట్టా లేనట్టా? తిరిగొచ్చి చాప మీద కూలబడ్డాను.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇందుకు ఒక గుక్క ఒక గుక్కగా నీళ్ళు పట్టిస్తున్నాను, గుక్క తాగాక అది నా మొహంలోకి చూస్తుంది, ఇల్లు ఇక్కడికి దగ్గరేనా అని లెక్క చూసుకుంటుంది, దగ్గరే బిడ్డా తాగు అంటే ఇంకో గుక్క. అప్పుడే సైదమ్మ వచ్చింది, రేకుల బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండే ఆమె, నెత్తిన తట్టలో నీళ్ళ పాకెట్లు, వరసగా పంచుకుంటూ పోతోంది. నాకు ఊరికే చూడటం అలవాటు కదా, చూస్తున్నాను. ట్యాంకు బడి ఫ్లెక్సీ కింద కూర్చున్న ఆడ టీచర్లు పాకెట్టు అందుకోగానే పంటితో కొరికి గటగటా తాగేశారు, ఇంకోటి ఇయ్యి సైదమ్మా అని రెండోది కూడా. వాళ్ళలో సుచిత్ర టీచర్ అని, పసుపుపచ్చ చీరలో కళకళలాడుతూ ఉంది, ఆమె మూడోది కూడా తాగింది. తర్వాత సైదమ్మ రేకుల బడి వాళ్ళ దగ్గరికి పోయింది. ఒకామె ఒద్దొద్దు ఇప్పుడే తాగిన అంది. అబద్ధం, పొద్దుటి నుంచీ చూస్తున్నాను, ఆమె ఏమీ తాగలేదు. ఇంకొకామె పాకెట్టు తీసుకుని సంచిలో వేసుకుంది. చివరన, చాప అంచు మీద, అందరికీ ఒక మూరెడు ఎడంగా కూర్చున్న పెద్దామె పాకెట్టు మూల కొరికి చేతిలో కొంచెం పోసుకుని మొహం తుడుచుకుంది, రెండు చుక్కలు పెదాలకు అద్దుకుంది, మిగతాది పక్కన కుక్కకు పోసేసింది. ఇంత ఎండలో! ఆ పెదాలు తడుపుకోవడం నాకు తెలుసు, అది నాదే.

షాపులో మేమూ అంతే. సేల్స్ ఆడపిల్లలం పొద్దున ఇంట్లో ఒకసారి పోయి వస్తే మళ్ళీ రాత్రి ఇంటికి వచ్చాకే. బాత్రూం గోడౌన్ మీద, తాళం చెవి సేఠ్ గల్లాపెట్టె దగ్గర, అందరి ముందూ పోయి అడగాలి. ఎవరడుగుతారు? చీరలు విప్పీ విప్పీ గొంతు ఎండిపోతే ఒక చుక్క నాలుక మీద వేసుకుంటాం. కస్టమర్లకు కూల్‌డ్రింక్ వస్తుంది, మాకు వద్దంటాం, మర్యాద అనుకుంటారు. కొత్తగా చేరిన పిల్ల గ్లాసుడు నీళ్ళు తాగేస్తే మేమందరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం, పాపం సాయంత్రం దీని పని అయిపోయింది అని. తాగకపోవడం నేర్చుకుంటే వస్తుంది, వచ్చాక ఇక పోదు, ఆదివారం ఇంట్లో ఉన్నా దాహం కాదు. కాబట్టి రేకుల బడి టీచర్లను చూడగానే నాకు అర్థమైపోయింది, వీళ్ళు ఏళ్ళ తరబడి ఆపుకుంటున్నవాళ్ళు. ట్యాంకు బడి వాళ్ళకు ఆ అలవాటే లేదు, ఎందుకంటే వాళ్ళ బడిలో తలుపు తెరిచి ఉంటుంది. ఇంతే కదా! ఏ హెడ్‌మాస్టర్నీ అడగక్కర్లేదు, ఏ గేటు సందులోంచీ తొంగి చూడక్కర్లేదు, టీచర్లు నీళ్ళు తాగుతారా లేదా చూస్తే చాలు. ఎంత సంబరమైందో, పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా ఇందును గట్టిగా ముద్దు పెట్టుకున్నాను. మహిపాల్‌కు చెప్పాలి, దొడ్లు చూసుకుంటూ తిరిగినందుకు దొరికింది చూడు అని.

వెంటనే లేచి ఇందు చెయ్యి పట్టుకుని సుచిత్ర టీచర్ దగ్గరికి పోయాను. నవ్వుముఖం, పక్కకు జరిగి చోటిచ్చింది. పాపను మీ బళ్ళె ఏద్దామనుకుంటున్న అంటే ఇందు గడ్డం పట్టుకుని, "తీస్కరా అక్కా, సమ్మె అయిపోంగనె తీస్కరా, రెండో తరగతి నాదే" అంది. అంత మంచి మనిషి, ఇక అడగడానికి సిగ్గేమిటి?

"టీచర్, మీ బళ్ళె బాత్రూం తెరిచే ఉంటదా?"

"మంచిగుంటది. మా స్టాఫ్‌ది సపరేట్, లోపల."

"పిల్లలది?"

"పిల్లలది కట్టిన్రు గని నల్లా కనెక్షన్ రాలె. నీళ్ళు లేక ఖరాబైతది గదా, తాళమేసినం."

"మరి ఆడపిల్లలు ఏడికి పోతరు టీచర్?"

"అందరు దగ్గరోళ్ళే అక్కా, ఇంటర్వెల్‌ల ఇంటికి పోయొస్తరు. శానమందికి అవసరమే పడది, పిల్లలు గదా."

ఆమె ఏ తప్పూ చేస్తున్నట్టు అనలేదు, ఎండ ఎక్కువుంది అన్నట్టే అంది. నా చేతిలో ఇందు వేళ్ళు బిగుసుకున్నాయి. సరే టీచర్ అని ఇవతలికి వచ్చేశాను. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు, ఎక్కువగా నా మీదే వచ్చింది, టీచర్లు నీళ్ళు తాగితే పిల్లలు కూడా తాగుతున్నట్టే అనుకున్నాను చూడు, సేఠ్ కూల్‌డ్రింక్ తాగితే మేమందరం తాగినట్టా? అన్నం ఉడికింది, గంజి వారుస్తున్నారు, రోడ్డంతా ఆవిరి, డప్పులు మొదలయ్యాయి. అవసరమే పడదట. అవసరం పడకుండా చేసుకున్నారని ఎవరికి తెలుసు? మా ఊళ్ళో, నల్గొండ దగ్గర, మా బడికి బాత్రూమే లేదు, బడి వెనక కంప చెట్లుండేవి, ఆడపిల్లలం గుంపుగా పోయేవాళ్ళం, ఒకరు కూర్చుంటే నలుగురు అటు తిరిగి నిలబడేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం కూడా. ఎంత నీళ్ళు తాగేదాన్నో, చేతిపంపు కింద దోసిలి పట్టి పొట్ట డబడబా అనేదాకా. పట్నం వచ్చాక పిల్లకు కంప చెట్టు కూడా లేకుండా పోయింది. తెలంగాణ వస్తే నల్లా కనెక్షన్ వస్తుందా? వస్తుంది, రాకేం, కానీ అప్పటిదాకా ఇందు ఏం చేయాలి? ఇంట్లో కూర్చోబెట్టుకోవాలా? డాక్టరమ్మ అన్నది అదే కదా. కూర్చోబెట్టుకుంటే ఏమవుతుంది, రేపు నాలాగే ఏదో షాపులో చీరలు విప్పుతూ, నాలుక మీద చుక్క వేసుకుంటూ. కాదు, అది కాకూడదు. ఇక మిగిలింది రేకుల బడి, అక్కడేమో టీచర్లకే గతి లేదు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, పొగ అనుకుంటారులే అని తుడుచుకోలేదు.

"ఏమ్మా, ఏమనుకోకు, మీ ఇల్లు దగ్గరేనా?" అని ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. తిరిగి చూస్తే ఆ పెద్దామె, కుక్కకు నీళ్ళు పోసినామె. మాట వినగానే తెలిసింది, ఆంధ్రా మాట. అందుకేనా చాప అంచున కూర్చుంది? పొద్దుటి నుంచీ మైకులో ఆంధ్రోళ్ళు ఆంధ్రోళ్ళు అని వినిపిస్తూనే ఉంది, ఈమె అక్కడే కూర్చుని వింటూనే ఉంది. "ఇందాక బాత్రూం సంగతి అడుగుతుంటే విన్నాను. నాకు షుగరు, ఇంక నా వల్ల కావడం లేదు, కొంచెం మీ ఇంటికి తీసుకెళ్తావా?" అంది చిన్న గొంతుతో, ఎర్రగా కందిపోయిన మొహంతో. రండి టీచర్ అన్నాను, ఇంకేమంటాను. సందులోకి తిరిగాం, మార్కెట్ నుంచి బత్తాయి తొక్కల వాసన, ఆమె నడవలేక గోడ పట్టుకుని నడుస్తోంది, ఇందు ముందు పరుగెత్తి ఆగి వెనక్కి చూస్తోంది. నాకు ఆగదు కదా నోరు. సమ్మెల మీరు గూడ ఉన్నరా టీచర్ అని అడిగేశాను. "మా బడివాళ్ళందరూ రోడ్డు మీద కూర్చుంటే నేనొక్కదాన్నీ ఇంట్లో కూర్చోనా? ఇరవై ఏళ్ళ నుంచీ వాళ్ళతోనే కదా తింటున్నాను" అంది. పేరు ఇందిరాదేవి అంది. ఇందు వెంటనే, సగం నా పేరే అంది.

మాది కిరాయి ఇల్లు, నాలుగు వాటాలకూ కలిపి పెరట్లో ఒకటే బాత్రూం, తలుపుకు గొళ్ళెం సరిగ్గా పడదు, ఎవరైనా బయట నిలబడాలి. నేను నిలవడ్త పోన్రి టీచర్ అనేలోపే ఇందు పోయి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆమె బయటికి వచ్చాక గడప మీద కూర్చుని కాసేపు ఊపిరి పీల్చుకుంది, ప్రాణం లేచొచ్చింది తల్లీ అంది. నాకు ఉండబట్టలేదు. మీ బళ్ళె బాత్రూం అస్సలే తెరువరా అన్నాను. "ఎందుకు తెరవం, తెరిచే ఉంటుంది, ఉన్నది అదొకటే. తలుపు కింద చెక్క పోయింది, అది బాగుచేయించమని అర్జీలు పెట్టీ పెట్టీ నా చెయ్యి అరిగింది, ఆ వాసనకు తల తిరుగుతుంది, నీళ్ళు సైదమ్మా నేనూ బకెట్లతో మోయాలి. ఇంటర్వెల్ వచ్చిందంటే ఆడపిల్లలు గోడ పొడవునా వరస. వాళ్ళది అయ్యేసరికి గంట కొట్టేస్తారు. పసిపిల్లల్ని పక్కకు నెట్టి నేను ముందు వెళ్ళనా? చెప్పుకుంటే సిగ్గు, పొద్దున కాఫీ కూడా మానేశాను" అంది, విసుగ్గా, ఎవరినో తిడుతున్నట్టే అంది. ఆమె నీళ్ళు తాగనిది బాత్రూం లేక కాదు. ఉన్న ఒక్కదాన్నీ పిల్లలకు వదిలేసింది కాబట్టి. నేను ఎంత తలకిందులుగా చూశానో, మూడు పాకెట్లు తాగిన ఆ పసుపుపచ్చ చీర నా కళ్ళ ముందు కదిలింది. లోపలికి పోయి పెద్ద గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాను. ఒద్దనలేదు, తలెత్తి మొత్తం తాగేసింది.

ఇందు కళ్ళు ఆర్పకుండా ఆమె గొంతునే చూస్తోంది. దగ్గరికి జరిగి, నేను వద్దని కళ్ళతో చెబుతున్నా వినకుండా అడిగేసింది.

"టీచర్, నువ్వు గూడ ఆపుకుంటవా?"

"ఆపుకుంటాను తల్లీ."

"నొస్తదా?"

"బాగా నెప్పేస్తుంది. ఇదిగో, ఇక్కడ."

"నాగ్గూడ గాన్నే."

ఆమె నా వైపు చూసింది. చెప్పాల్సిన పనే లేకుండా పోయింది, ఆమెకు తెలిసిపోయింది. ఇందు ఇంకా వదల్లేదు. గంట గొట్టినంక గూడ పోనిస్తవా అంది. పోనిస్తాను, చెయ్యెత్తక్కర్లేదు, అడగక్కర్లేదు, లేచి వెళ్ళిపోవడమే అంది ఆమె. పిల్లలు నవ్వరా అంది. అక్కడ అందరూ వరసలో నిలబడినవాళ్ళే, ఎవరిని చూసి ఎవరు నవ్వుతారు అంది. చౌరస్తాలో అన్నం పెడుతున్నట్టున్నారు, రండి రండి అని మైకులో పిలుపు వినిపిస్తోంది, ఆమె గోడ పట్టుకుని లేచింది. ఇందు ఆలోచిస్తోంది, పెదవి కొరుకుతూ, లెక్క తేల్చుకునేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా. జ్వరం వచ్చిన నాటి నుంచీ బడి అన్న మాట ఎత్తితేనే గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల, ఇందిరాదేవి టీచర్ కొంగు పట్టి ఆపింది.

"నేనొచ్చినంక ఇంటర్వెల్‌ల ముందుగాల నువ్వే పో టీచర్," అంది. "తలుపు కాడ నేను నిలవడ్త. ఎవ్వరొచ్చినా ఆగున్రి అంట."